పళ్ల మీది పాచి, బాటిల్‌లోని పాచి

(చెన్నై వేళచ్చేరిలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. నీటి గురించి ఏదైనా మాట్లాడమని ఈ సభ ఏర్పాటు చేసినవారు నన్ను కోరారు. చెన్నైలో నీటి గురించి మాట్లాడాలంటే ఒక పూట చాలదు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువుల గురించి చెప్పవచ్చు. 2019 వేసవిలో ఆ చెరువులు ఎండిపోయి, మనం బిందెలు పట్టుకుని లారీల కోసం ఎదురుచూసిన రోజుల గురించి చెప్పవచ్చు. సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే మీంజూరు, నెమ్మేలి కర్మాగారాల గురించి చెప్పవచ్చు. ఇవాళ వాటన్నిటినీ పక్కన పెట్టి, మీ కుర్చీల పక్కనా, పిల్లల సంచుల జేబుల్లోనూ ఉన్న ప్లాస్టిక్ వాటర్ బాటిల్ గురించే మాట్లాడదలచుకున్నాను.

ఈ ఊళ్లో మనం తాగే నీటిలో కొంత మన ఇంటి నీరే. 1983లో ఒప్పందం కుదిరిన తెలుగుగంగ పథకం వల్ల కృష్ణమ్మ నీరు శ్రీశైలం నుంచి బయలుదేరి సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా 1996లో మొదటిసారి పూండి చేరింది. కండలేరు నుంచి పూండి దాకా కాలువ పొడవే 170 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. నేను నెల్లూరు జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి ఆ కాలువ పేరు వింటే నాకు మా ఊరు గుర్తుకొస్తుంది. అంత దూరం ప్రయాణించిన నీటిని ఇక్కడ నిలవబెట్టి, తేరబెట్టి, వడగట్టి, క్లోరిన్ కలిపి గొట్టాల్లోకి వదులుతారు. ఆ పైన మనం మళ్లీ ఆర్.ఓ. యంత్రంలో పోస్తాం, లేదా ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకుంటాం, కొందరు కాచి చల్లార్చుకుంటారు. ఇన్ని జాగ్రత్తలు పడిన తరువాత ఆ నీటిని దేనిలో పోసుకుంటున్నామో ఒక్కసారి ఆలోచించండి. నిన్న సాయంత్రం పిల్లవాడు బడి నుంచి తెచ్చిన బాటిల్‌ను కుళాయి కింద రెండుసార్లు గిలకరించి, తడి ఆరకముందే మళ్లీ నింపి, మూత బిగించి సంచిలో పెడుతున్నాం. నీటి కోసం మనం పడిన శ్రమంతా ఆ చివరి జానెడు దూరంలో వృథా అవుతోంది.

ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "అందులో పోసేది మంచినీళ్లే కదా మేడమ్, కూరా పులుసా, జిడ్డు అంటుకోవడానికి?" అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. పులుసు గిన్నె మురికి కంటికి కనిపిస్తుంది, నీళ్ల బాటిల్ మురికి కనిపించదు. అయితే నాలుగు రోజులు కడగని బాటిల్ లోపలికి వేలు పెట్టి గోడను తడిమి చూడండి. వేలికి సన్నని జారుడు తగులుతుంది. దాన్ని మన భాషలో పాచి అంటాం. నిద్ర లేవగానే నాలుకతో పళ్లను తడిమితే తగిలేదాన్ని కూడా పాచి అనే అంటాం. తెలుగువాళ్లు ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే, ఎందుకంటే శాస్త్రం చూపిన దాని ప్రకారం కూడా ఆ రెండూ ఒకే కోవకు చెందినవి. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని బయోఫిల్మ్ అంటారు. నీటిలో విడివిడిగా తిరిగే బ్యాక్టీరియాకు తడి గోడ ఒకటి దొరికితే అవి దానికి అతుక్కుంటాయి, తమ చుట్టూ జిగురు లాంటి పదార్థాన్ని స్రవిస్తాయి, ఆ జిగురులో గూడు కట్టుకుని పెరుగుతాయి. వేలికి తగిలే జారుడు ఆ గూడే.

ఆ బ్యాక్టీరియా బాటిల్‌లోకి ఎక్కడి నుంచి వస్తుంది? కొంత గాలి నుంచి, కొంత మూత తిప్పే చేతి నుంచి వస్తుంది, కానీ ఎక్కువ భాగం మన నోటి నుంచే వస్తుంది. ఆరోగ్యవంతుడి లాలాజలంలో ఒక్క మిల్లీలీటరుకు సుమారు 10 కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మూతి పెట్టి తాగిన ప్రతిసారీ నోట్లోకి వెళ్లిన గుక్కలో ఒక చుక్క వెనక్కి జారుతుంది. తిన్న ఇడ్లీ పలుకో, బిస్కెట్ పొడో ఆ చుక్కతో పాటు లోపలికి పోతుంది. ఇప్పుడు చెప్పండి, ఉదయం పది గంటల తరువాత ఆ బాటిల్‌లో ఉన్నవి ఉత్త మంచినీళ్లు కావు, ఎంగిలి నీళ్లు.

ఎంగిలి అనే మాట వాడాను కనుక ఒక సంగతి చెప్పాలి. ఎంగిలి పేరుతో, మడి పేరుతో సాటి మనుషులను దూరం పెట్టిన చరిత్ర మనకు ఉంది, దాన్ని నేను ఏమాత్రం సమర్థించను. ఆ అన్యాయాన్ని తీసివేసిన తరువాత కూడా ఆ మాటలో ఒక పనికొచ్చే గమనిక మిగిలే ఉంది. నోటికి తగిలిన పాత్ర తగలని పాత్ర లాంటిది కాదు, దాన్ని తోమాలి. మా నాయనమ్మ చెంబును ఎత్తి నోట్లో పోసుకునేది, అంచుకు మూతి తగలనిచ్చేది కాదు. ఇక్కడి తమిళ కుటుంబాల్లోనూ పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే తాగుతారు. అలా తాగే అలవాటున్న వాళ్ల బాటిల్ లోపలి భాగం ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది. అయితే చిన్నపిల్లలను అలా తాగమని బలవంతపెట్టకండి, పొలమారుతుంది.

పంటి పాచిని మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసి రాసినవాడు హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. 1683లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో, తన పళ్ల మధ్య నుంచి గీకి తీసిన తెల్లని పదార్థంలో చిన్న చిన్న జీవులు కదలడం చూశానని ఆయన చెప్పాడు. ఆయన గమనించిన మరో విషయం ఇవాళ్టి మన విషయానికి ఇంకా దగ్గరది. నోటిని వెనిగర్‌తో పుక్కిలించినా పళ్ల మీద గట్టిగా పట్టిన పాచి లోపలున్న జీవులు చావలేదు, పైపైన ఉన్నవే చచ్చాయి. ఆ జిగురు గూడు లోపలి వాటిని కాపాడింది. మూడు వందల ఏళ్లు దాటినా ఆ గమనిక చెక్కుచెదరలేదు. పళ్లు తోముకోకుండా మందునీళ్లతో పుక్కిలిస్తే చాలదని మనకు తెలుసు. బాటిల్ విషయంలో మాత్రం ఏదో ఒక ద్రవం పోసి గిలకరిస్తే చాలనుకుంటున్నాం. పాచిని ముందు రుద్ది వదిలించాలి, మందు ఆ తరువాతి మాట. నేను ఇవాళ చెప్పదలచుకున్న మాటలన్నీ దీనిలోంచి వచ్చేవే.

ఆర్.ఓ. నీరు పోస్తున్నాం కాబట్టి మాకు ఈ బెడద లేదనుకునేవారు ఇక్కడ చాలామందే ఉంటారు. నిజం కొంత తారుమారుగా ఉంది. కుళాయి నీటిలో కలిపిన క్లోరిన్‌లో కొద్దిగా చివరిదాకా మిగిలి ఉండాలన్నది నియమం. తాగునీటికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 10500 ఆ మిగులు లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటుంది. ఆ మిగులే దారిలో కలిసే సూక్ష్మజీవులను అదుపులో ఉంచే కాపలాదారు. ఆర్.ఓ. యంత్రంలోని కార్బన్ ఫిల్టర్ ఆ క్లోరిన్‌ను పూర్తిగా తీసివేస్తుంది, అందుకే ఆ నీటికి మందు వాసన ఉండదు. కాచిన నీటిలోనూ క్లోరిన్ ఎగిరిపోతుంది. కాబట్టి యంత్రం నుంచి దిగిన నీరు శుభ్రమైనదే కావచ్చు, కానీ కాపలా లేనిది. పాచి పట్టిన బాటిల్‌లో పోస్తే దానికి తనను తాను కాపాడుకునే శక్తి లేదు. నీటిని ఎంత బాగా శుద్ధి చేసుకుంటే బాటిల్‌ను అంత శ్రద్ధగా కడుక్కోవాలి.

భయపెట్టడానికి ఈ మాటలు చెప్పడం లేదు. ఒకరి నోటి బ్యాక్టీరియా వారికే మళ్లీ చేరినంత మాత్రాన ఆరోగ్యవంతులకు సాధారణంగా జబ్బు రాదు. జాగ్రత్త పడవలసినవారు వేరే ఉన్నారు. చిన్నపిల్లలు, బాగా పెద్దవయసు వాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఉన్న ఇళ్లలో బాటిల్‌ను ప్రతిరోజూ ఇప్పుడు చెప్పబోయే పద్ధతిలో కడగాలి. ఒకే బాటిల్‌తో నలుగురు పిల్లలు తాగడం కూడా ఆగాలి. జలుబూ, వాంతులూ, విరేచనాలూ ఒక పిల్లవాడి నుంచి ఇంకొకడికి దాటే దారుల్లో అదొకటి.

ఇక మురికి నివసించే చోటు సంగతి. నేను కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో మొదటి సంవత్సరం విద్యార్థుల చేత ఏటా ఒక చిన్న పని చేయించేదాన్ని. ఎవరి బాటిల్ వారిచేత తెప్పించి, లోపలి గోడను ఒక శుభ్రమైన దూది పుల్లతోనూ, మూతలోని రబ్బరు వాషరు కింది గాడిని మరో పుల్లతోనూ తుడిపించి, రెండింటినీ అగార్ పళ్లేల మీద, అంటే సూక్ష్మజీవులు పెరగడానికి గడ్డకట్టిన మేత పోసిన పళ్లేల మీద, విడివిడిగా రాయించి, మరునాడు చూపించేదాన్ని. గోడ తాలూకు పళ్లెంలో అక్కడక్కడా చుక్కలు మొలిచేవి. వాషరు తాలూకు పళ్లెం చాలాసార్లు మొత్తం పూసినట్లు అల్లుకుపోయి ఉండేది. పళ్లెంలో మొలిచినదల్లా రోగకారకం కాదని వెంటనే చెప్పేదాన్ని, అయినా ఆ మధ్యాహ్నమే సగం మంది కాంటీన్ దగ్గరి కుళాయి కింద మూతలు రుద్దుతూ కనిపించేవారు.

అంత తెలిసిన నా ఇంట్లోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా మనవరాలు రెండో తరగతిలో ఉన్నప్పుడు స్ట్రా ఉన్న సిప్పర్ బాటిల్ వాడేది. నేనే రోజూ బాటిల్‌ను సబ్బుతో, బ్రష్‌తో కడిగి పంపేదాన్ని. ఒకరోజు ఆ పాప "అమ్మమ్మా, నీళ్లు మట్టి వాసన వస్తున్నాయి" అంది. వాసన చూస్తే బాటిల్‌లో ఏమీ లేదు. మూతను విప్పి, స్ట్రాను లాగి, మెత్తని సిలికాన్ వాషరును చెంచా తోకతో పైకి లేపితే దాని అడుగున నల్లటి బూజు ఒక వలయంలా పట్టి ఉంది. స్ట్రా లోపలి గోడ మీద లేత గులాబీ రంగు పొర ఉంది. ఆ గులాబీ రంగు పొరను స్నానాల గది మూలల్లో మీరు చూసే ఉంటారు. సెర్రేషియా అనే బ్యాక్టీరియా తరచుగా ఆ రంగులో పెరుగుతుంది. నెలల తరబడి నేను బాటిల్‌ను మాత్రమే కడుగుతూ వచ్చాను, పాప నోట్లో పెట్టుకునేది మాత్రం ఆ స్ట్రానే. ఆ సాయంత్రం నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ విషయం ఎక్కడ మాట్లాడినా మూతతోనే మొదలుపెడతాను.

మూతలో నీరు నిలిచే చోట్లు మూడు. మర చుట్ల మధ్య, వాషరు కింది గాడిలో, నోటితో పీల్చే మూతి లోపల. ఈ మూడు చోట్లకూ గాలి సోకదు, బ్రష్ చేరదు, కంటికి కనిపించవు. పంటికీ పంటికీ మధ్య సందు ఎలాంటిదో ఇవీ అలాంటివే. వాషరును వారానికి రెండుసార్లయినా బయటకు తీయాలి. కత్తితోనో పిన్నుతోనో లేపితే అది తెగుతుంది, తెగిన చోట మళ్లీ మురికి చేరుతుంది. చెంచా తోక చాలు. తీసిన వాషరును వేళ్ల మధ్య సబ్బుతో రుద్ది, గాడిని పాత టూత్‌బ్రష్‌తో తోమి, స్ట్రాకు సన్నని పొడవాటి బ్రష్ వాడాలి. ఆ సన్నని బ్రష్ ఇంట్లో లేకపోతే స్ట్రా బాటిల్ కొనవద్దు. మూత విడదీయడానికి వీలులేని బాటిల్‌ను కూడా కొనవద్దనే నా సలహా. దుకాణంలో రంగు, బొమ్మ చూసే ముందు మూతను విప్పి చూడండి. ఎన్ని ముక్కలుగా వస్తుందో, ప్రతి ముక్కకూ మీ వేలు చేరుతుందో లేదో చూసుకోండి.

బాటిల్ మెడ వెడల్పు కూడా అంతే ముఖ్యం. పూర్వం ప్రయాణాలకు మన ఇళ్లలో మరచెంబు ఉండేది. ఇత్తడిదో రాగిదో, మర బిగించే మూత ఉన్న చెంబు. దాని మూతి ఇల్లాలి చెయ్యి దూరేంత ఉండేది. చింతపండు పెట్టి తోమితే లోపల తోమని చోటు మిగిలేది కాదు, మూతలో వాషరూ ఉండేది కాదు. నీళ్లు కొంచెం కారేవి, నిజమే. కారకూడదని మనం వాషరు తెచ్చుకున్నాం, సంచిలో పట్టాలని మెడ సన్నం చేసుకున్నాం. ఆ సౌకర్యానికి బదులుగా రుద్దే పనిని కాస్త పెంచుకోవలసి వచ్చింది.

రోజువారీ పద్ధతి చెబుతాను. సాయంత్రం ఇంటికి రాగానే బాటిల్‌లో మిగిలిన నీటిని మొక్కలకు పోసేయండి. రేపటికి దాచవద్దు. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, పొడవాటి బాటిల్ బ్రష్‌తో అడుగునూ, గోడలనూ, మెడ వంపునూ రుద్దాలి. మెడ వంపు దగ్గర బ్రష్ సరిగా ఆనదు, అక్కడ కొంచెం వంచి తిప్పాలి. స్టీలు పీచు వాడవద్దు. ప్లాస్టిక్ గాజు లాగా గట్టిది కాదు, పీచు గీసిన ప్రతి గీతా పాచి నిలవడానికి ఒక కాలువ అవుతుంది. బ్రష్ దూరని సన్న మెడ బాటిల్ అయితే గుప్పెడు బియ్యం, కొంచెం సబ్బునీళ్లు వేసి మూత బిగించి బాగా కుదపండి. బియ్యపు గింజలు గోడలను రుద్దుతాయి. ఇది మన వంటిళ్లలో పాత పద్ధతే, పనిచేస్తుంది కూడా, కాకపోతే బ్రష్ చేసినంత చేయదు. ఆ తరువాత సబ్బు నురగ పూర్తిగా పోయేదాకా రెండు మూడుసార్లు కడగాలి. బ్రష్‌ను కూడా కడిగి వేలాడదీయండి. తడి బ్రష్‌ను సింకు పక్కన పడేస్తే అదే పాచికి పుట్టినిల్లవుతుంది.

ఇప్పుడు మనం అందరం ఎగ్గొట్టే పని దగ్గరకు వచ్చాను. బాటిల్ ఆరాలి. కడగడం పాచిని తగ్గిస్తుంది, ఆరబెట్టడం దాన్ని మళ్లీ పెరగనివ్వదు. తడి లేని చోట చాలా బ్యాక్టీరియా, బూజు పెరగలేవు. నాగపూర్‌లోనో అనంతపురంలోనో ఉండేవారికి ఇది చెప్పవలసిన పని లేదు, వేసవిలో అక్కడ గంటలో ఆరిపోతుంది. మనం సముద్రం ఒడ్డున ఉన్నాం. చెన్నై గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎక్కువే, తమిళుల ఐప్పసి, కార్తిగై నెలల్లో ఈశాన్య రుతుపవనం వచ్చినప్పుడు తువాళ్లే రెండు రోజులకు గాని ఆరవు. సన్నటి మెడ ఉన్న బాటిల్ లోపలి తడి అంత తొందరగా ఎలా ఆరుతుంది? చాలామంది బాటిల్‌ను గ్రానైటు గట్టు మీద మూతి ఆనించి బోర్లిస్తారు. అప్పుడు లోపలి గాలి బయటకు పోయే దారి ఉండదు, తడి లోపలే ఉక్కిపోతుంది. గిన్నెల స్టాండు చువ్వల మీద ఏటవాలుగా, మూతి కింది నుంచి గాలి ఆడేలా బోర్లించాలి. నీరు కారిపోయాక తిరగేసి మూతి పైకి ఉండేలా ఫ్యాను గాలి తగిలే చోట పెట్టాలి. మూత, వాషరు, స్ట్రా విడివిడిగా ఆరాలి. పూర్తిగా ఆరనిదే మూత బిగించకూడదు. ఖాళీ బాటిల్‌ను మూత బిగించి అలమరలో పెడితే వారం తరువాత వచ్చే ముక్కిన వాసన మీకందరికీ తెలిసినదే.

రాత్రి కడిగినది తెల్లవారి ఆరు గంటలకు ఆరదు, పిల్లవాడి బడి బస్సు ఏడింటికే వస్తుంది. ఈ చిక్కుకు నాకు తెలిసిన పరిష్కారం ఒకటే. మనిషికి రెండు బాటిళ్లు ఉండాలి. ఒకటి బడికి వెళితే రెండోది ఇంట్లో ఆరుతూ ఉంటుంది. సోమవారం ఎర్ర మూత, మంగళవారం నీలం మూత అని పిల్లలకే అప్పజెప్పండి, వాళ్లే గుర్తుంచుకుంటారు. ఖరీదైన బాటిల్ ఒకటి కొనే డబ్బుతో సాదా వెడల్పు మెడ బాటిళ్లు రెండు వస్తాయి. నన్నడిగితే ఏ మందూ, ఏ పొడీ ఈ రెండో బాటిల్‌కు సాటి రాదు.

ఎండలో పెట్టవచ్చా అని ఇందాక ఒక అన్నయ్యగారు అడిగారు. కడిగిన బాటిల్‌ను మూత తీసి అరగంట ఎండలో ఉంచితే త్వరగా ఆరుతుంది, మంచిదే. నీళ్లు నింపిన బాటిల్‌ను ఎండలో ఉంచడం వేరే సంగతి. దుకాణంలో నీళ్లు అమ్మే పారదర్శకమైన పెట్ ప్లాస్టిక్ బాటిల్‌లో తేటనీరు పోసి ఆరు గంటలు మంచి ఎండలో ఉంచితే నీటిలోని సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయన్నది నిజం. వేరే దారి లేని ఊళ్లలో ఆ పద్ధతి వాడతారు. గోడకు పట్టిన పాచిని అది వదిలించదు. బాల్కనీలో రోజుల తరబడి వదిలేసిన బాటిల్‌లో, ఇరవై లీటర్ల క్యాన్‌లో ఆకుపచ్చని నాచు పట్టడం మీరు చూసే ఉంటారు. నాచుకు వెలుతురు కావాలి, ఆ వెలుతురును మనమే ఇస్తున్నాం. పైగా ఎండ ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తుంది.

వారానికి ఒకసారి చేసే పనికి వెనిగర్, వంట సోడా, బ్లీచ్ అని మూడింటి పేర్లు వింటుంటాం. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో బాటిల్ అడుగున తెల్లగా, గరుకుగా పొర కడుతుంది. అది సున్నం. ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. సున్నపు గరుకు మీద పాచి గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ముందు దాన్ని వదిలించాలి. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి అరగంట ఉంచినా, ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి పోసినా ఆ సున్నం కరుగుతుంది. వాసన పోవడానికి వంట సోడా పనికొస్తుంది. రెండు చెంచాలు గోరువెచ్చని నీటిలో కలిపి రాత్రంతా ఉంచండి. ఈ రెండింటినీ కలిపి పోయడం చాలామందికి ఇష్టం, నురగ పొంగుతుంది కదా. ఆ నురగ బొగ్గుపులుసు వాయువు. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకోగా వచ్చినది. పొంగు అణిగాక గిన్నెలో మిగిలేది ఏ పనికీ రాని ఉప్పునీరు వంటిది. విడివిడిగా వాడితేనే రెండూ పనిచేస్తాయి.

బ్లీచ్ ప్రతివారమూ అవసరం లేదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు అయినప్పుడో, బాటిల్‌లో బూజు కనిపించినప్పుడో వాడవచ్చు. సువాసన కలపని ద్రవరూపపు బ్లీచ్ ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, లీటరు నీటిలో కలిపి, ముందే రుద్ది కడిగిన బాటిల్‌లో, మూతకు, వాషరుకు తగిలేలా అర నిమిషానికి తగ్గకుండా ఉంచి, పారబోసి, మంచినీటితో కడిగి ఆరబెట్టండి. సంపులో చల్లే బ్లీచింగ్ పౌడర్‌ను దీనికి వాడవద్దు, కొలత కుదరదు. బ్లీచ్‌ను వెనిగర్‌తో గాని, నిమ్మ ఉప్పుతో గాని, మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో గాని ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఈ ఒక్క మాటను ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి కూడా దయచేసి చెప్పండి.

మరిగే నీళ్లు పోస్తే అన్నీ చస్తాయి కదా అంటారు. బాటిల్ అడుగున ముక్కోణపు గుర్తులో ఒక అంకె ఉంటుంది, ముందు దాన్ని చూడండి. 1 అని ఉంటే అది పెట్ ప్లాస్టిక్. దుకాణంలో కొనే నీళ్ల బాటిళ్లు ఎక్కువగా ఇవే. ఇది 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుపోతుంది. 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, ఇది మరిగే నీటి వేడికి తట్టుకుంటుంది. 7 అనేది మిగతా అన్నిటినీ కలిపిన అంకె కాబట్టి దానిని చూసి ఏమీ తేల్చలేం; తయారీదారు రాసిన సూచన చదవాలి. ఇక్కడి ఇళ్లలో జీలకర్ర వేసి కాచిన నీటిని తాగడం మామూలు, మన ఇళ్లలోకీ ఆ అలవాటు వచ్చింది, మంచి అలవాటే. పూర్తిగా చల్లారాక, వడగట్టి పోయండి. జీలకర్ర పలుకులు అడుగున మిగిలితే పాచికి మేత దొరుకుతుంది. అదే కారణంగా గ్లూకోజు నీళ్లు, మజ్జిగ, పండ్లరసం పోసిన బాటిల్‌ను ఆ పూటే కడగాలి. సాయంత్రం దాకా ఆగితే ఈ ఊరి ఎండకు లోపల పులిసిపోతుంది. వీలైతే వాటికి వేరే స్టీలు సీసా పెట్టుకోండి. ఫ్రిజ్‌లో పెడితే పెరుగుదల నెమ్మదిస్తుందే గాని ఆగదు, ఫ్రిజ్ బాటిళ్లకూ ఇదే పద్ధతి.

2019 జనవరి 1 నుంచి తమిళనాడులో నీళ్ల ప్యాకెట్ల వంటి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. అప్పటి నుంచి చాలామంది తమ బాటిల్ తాము తెచ్చుకుంటున్నారు, సంతోషమే. అయితే రైల్లో కొన్న లీటరు బాటిల్‌ను ఏడాది పొడుగునా నింపుకుని తాగడాన్ని కూడా కొందరు పొదుపు అనుకుంటున్నారు. దాని మెడ సుమారు మూడు సెంటీమీటర్లు, గోడ పలచన, పట్టుకుంటేనే ముడతలు పడుతుంది. ఆ ముడతల్లోకి బ్రష్ పోదు, వేడినీరు పోస్తే ముడుచుకుంటుంది. అది ఒక ప్రయాణానికి చేసిన వస్తువు. ఒకటి రెండు రోజులు వాడి, చిత్తుకాగితాల అబ్బాయికి ఇచ్చేయండి.

మంచి బాటిల్ అయినా ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడం కష్టం కాదు. లోపలి గోడ గీతలతో మసకబారినా, కడిగి ఆరబెట్టి సోడా నీళ్లలో నానబెట్టిన తరువాత కూడా వాసన వదలకపోయినా, మర దగ్గర పగులు కనిపించినా దాన్ని తీసివేయాలి. వాషరులో దిగిన నల్ల మచ్చ రుద్దినా పోకపోతే వాషరును మారిస్తే సరిపోతుంది. కొన్ని కంపెనీలు విడిగా అమ్ముతాయి, కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి.

బల్ల మీద సబ్బునీళ్ల గిన్నె, నాలుగు రకాల బ్రష్‌లు, చెంచాలు సిద్ధం చేసి పెట్టాను. పిల్లలూ, మీ బాటిళ్లు పట్టుకుని ఒక్కొక్కరుగా ముందుకు రండి. వాషరు ఎక్కడుందో మీరే వెతికి తీయాలి, నేను పక్కనే నిలబడి చూస్తాను.